దుప్పటి కడుపులో బియ్యం

నా కార్డు మీద పర్చేజ్ ఆఫీసర్ అని ఉండేది. మా అమ్మ చివరిదాకా అది పోలీసు శాఖలో ఏదో ఉద్యోగం అనుకుంది. నేనూ దిద్దలేదు. ప్రొద్దుటూరులో బట్టల కొట్టు వాళ్ల పిల్లవాడు కువైట్ దాకా పోయి మళ్లీ బట్టలే బేరమాడుతున్నాడని తెలిస్తే ఆమెకు విమానం టికెట్టు దండగ అనిపించి ఉండేది.

కువైట్ సిటీలో పాత సూక్, అంటే బజారు, వెనక వీధిలో ఒక ఇంటిసామాన్ల దుకాణం. పరదాలు, దుప్పట్లు, దిండ్లు, తివాచీలు. ముప్పై ఏళ్లకు పైగా దానికి సరుకు కొనిపెట్టాను. ఇప్పుడు ఫింటాస్‌లో ఉంటున్నాను. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, గడువు తీరగానే ఊరికి పోతాను. పోయేలోపు నాలుగు మాటలు రాసిపెట్టమని దుకాణంలో కొత్తగా చేరినవాళ్లు అడిగారు. జీతం ఎప్పుడు పెరిగింది, కస్టమ్స్ కాగితం ఎట్లా నింపాలి అన్నవి రాయను. మొదటిది మీకు అసూయ పుట్టిస్తుంది, రెండోది నిద్ర. నేను ఎక్కడెక్కడ బోర్లా పడ్డానో రాస్తాను. అది చదవడానికీ హాయిగా ఉంటుంది.

తప్పు వెతకడం

మా నాన్న నేర్పిన విద్య ఒక్కటే. ఎంత మంచి గుడ్డయినా ముందు పెదవి విరవాలి. వేళ్ల మధ్య నలపాలి. వెలుతురుకు ఎత్తి చూడాలి. "ఊఁ" అనాలి. ఏమీ దొరక్కపోతే అంచు చూసి నిట్టూర్చాలి. అమ్మేవాడి ముఖంలో మొదటి చెమట బొట్టు కనిపించాకే ధర అడగాలి.

ఈ విద్యతో నేను చాలా దూరం వచ్చాను. ఎంత దూరమంటే, మా పెళ్లిచూపుల్లో పెళ్లికూతురు కాఫీ తెస్తే కప్పు అంచు వెలుతురుకు ఎత్తి చూశాను. ఆ సంగతి ఆమె ఇప్పటికీ బంధువులకు చెబుతుంది.

అయితే తప్పు వెతికే కంటికి ఒక లోపం ఉంది. అది వస్తువునే చూస్తుంది. దాన్ని చేసిన మనిషిని చూడదు. చూస్తే బేరం చెడుతుంది మరి.

గొడుగులు

చేరిన రెండో ఏడు ముంబైలో ఒక వ్యాపారి దగ్గర గొడుగులు దొరికాయి. నమ్మలేనంత చవక. ఒక్క లోపం లేదు. నేను పెదవి విరిచి ఇంకా తగ్గించి కొన్నాను. పెట్టెలు వచ్చి దుకాణం వెనకాల పేర్చాక మా యజమాని అబూ యూసుఫ్ వచ్చి ఒకటి విప్పి చూశాడు. మంచి మనిషి. అరవడు. అది ఇంకా కష్టం.

"బాగున్నాయి సుబ్బూ. వాన ఎప్పుడు వస్తుంది? అది కూడా కొన్నావా, విడిగా వస్తుందా?"

ఆ గొడుగులు అమ్ముడుపోవడానికి ఎన్నేళ్లు పట్టిందో నేను రాయను. సరుకు చవకగా ఉండటం సరుకు గుణం కాదని ఆ రోజు తెలుసుకున్నాను. తెలుసుకున్నాను అనుకున్నాను.

రుమైథియా మిద్దె మీద

చాలా ఏళ్ల తరవాత రుమైథియాలో ఒక ఇంటికి పరదాలు కొలవడానికి వెళ్లాను. ఆ ఇంటావిడ ఉమ్మ్ నాసర్. నాసర్ అనే పిల్లవాడి తల్లి కాబట్టి ఆ పేరు. పనివాళ్లకు ఆమె మామా, అంటే అమ్మ. ఆ ఇంట్లో వంట చూసే నాగమ్మది రాయచోటి. మా జిల్లా మనిషన్న చనువుతో నన్ను "సుబ్బన్నా" అనేది, చనువు ఎక్కువైతే "కొట్టోడా" అనేది.

మిద్దె మీద కిటికీ కొలతలు తీస్తుంటే తీగ మీద ఒక దుప్పటి ఆరుతోంది. ఎండలో దుప్పటేమిటని నవ్వకండి. ఇక్కడ ఏసీల పుణ్యమా అని దుప్పట్ల గిరాకీ అంతా ఎండాకాలంలోనే. దగ్గరికి పోయి చూశాను. పాత గుడ్డల ముక్కలు. చిన్న దుప్పటి, పసిబిడ్డకు సరిపడేంత. ఒక మూల ఎవరిదో చొక్కా చారలు, దాని పక్కన బడి యూనిఫాం నీలం, మధ్యలో చీర ముక్క. కుట్లు అంచు దగ్గర మొదలై, వరుస వెంట వరుసగా చుట్టూ తిరుగుతూ నడిమధ్యకు చేరాయి. మిషను కుట్టు కాదు, చట్రం మీద బిగించి కుట్టింది కాదు. చేతి కుట్టు. నాలుగు మూలలా గుడ్డను మడతలు పెట్టి కుట్టిన చిన్న పువ్వులు, ఎగరబోతున్నట్టు.

నేను వెలుతురుకు ఎత్తి చూశాను. తప్పు దొరకలేదు. నాకు భయం వేసింది.

"మీన్ సవ్వా హాదా?" అన్నాను, అంటే ఇది ఎవరు చేశారని, నా కొట్టు అరబ్బీలో. అక్కడ బట్టలు తీస్తున్న ఒక నల్లటి ఆవిడ, ఉంగరాల జుట్టు, యాభై దగ్గర వయసు, నన్ను చూసింది. సూడాన్ మనిషో, ఇథియోపియా మనిషో అనుకున్నాను. అందుకే అరబ్బీ. ఆవిడ నాగమ్మ వైపు తిరిగి, "ఈ ముదుకప్ప ఏనంతానె?" అంది.

ఈ ముసలాయన ఏమంటున్నాడని. శుద్ధమైన కన్నడ.

నాగమ్మ బట్టల బుట్ట కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. "సుబ్బన్నా, కత్రీనక్కతో అరబ్బీ ఎందుకన్నా! ఆయమ్మది యల్లాపురం పక్క కొండలు. మన రాయచోటి నుంచి బస్సెక్కితే తెల్లారేలోపు పోవచ్చు. నీ కంటికి ఆయమ్మ యాడ కనపడిందో?"

కత్రీనది సిద్దీల ఊరు, ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి. ఉత్తర కన్నడ జిల్లాలో, కనుమల మీద, అడవిలో. ఆవిడ మాట కన్నడం, కొంకణి, హిందీ కలిసిన కలగూరగంప. నేను దాన్ని తెలుగులోనే రాస్తున్నాను. "మా పాత తాతలను ఓడల్లో తెచ్చి గోవాలో అమ్మారంట. కొందరు పారిపోయి కొండెక్కారంట. ఎక్కినవాళ్లు దిగలేదు. అంతే అన్నా మా చరిత్ర. మిగిలింది నీ దగ్గరేమైనా ఉంటే చెప్పు."

నా దగ్గర కొంచెం ఉంది. కానీ ఆ రోజు చెప్పలేదు. మా పెదనాన్నది వక్కల మండీ. ఏటా యల్లాపురం పక్కనున్న సిరిసి పోయి సరుకు తెచ్చేవాడు, నన్నూ వెంటబెట్టుకుపోయేవాడు. నా కన్నడం అక్కడ అబ్బిందే. వక్కలో ఎన్ని రకాలు, దేనికి ఎంత తేమ ఉండాలి, ఏ తోటది ఏ రంగు అన్నీ ఇప్పటికీ చెప్పగలను. ఆ మండీలో బస్తాలు మోసేవాళ్లు, తోటల్లో కాయలు దించేవాళ్లు కొందరు నల్లగా, ఉంగరాల జుట్టుతో ఉండేవాళ్లు. ఎవరని అడిగితే పెదనాన్న, "అడివోళ్లులే, బస్తా లెక్కపెట్టుకో" అన్నాడు. నేను బస్తాలు లెక్కపెట్టుకున్నాను. వక్క ప్రతి చెక్కకూ పేరు తెలిసిన ఇంట్లో, దాన్ని చెట్టు మీంచి దించిన చేతికి పేరు లేదు. దీన్నే మా వాళ్లు వ్యాపార దక్షత అంటారు.

నేనొక్కణ్ణే గుడ్డివాణ్ణని అనుకోకండి. తరవాత ఒకసారి మన సంఘం వాళ్లు సాంస్కృతిక దినం చేస్తూ రాష్ట్రానికొక బల్ల పెడుతుంటే ఈ దుప్పట్ల సంగతి చెప్పాను. నిర్వాహకుడు కత్రీన ఫొటో చూసి, "ఆఫ్రికా కల్చర్ వద్దు సార్, ముందు మనది పెట్టుకుందాం" అన్నాడు. ఆయన సొంత బల్ల మీద చైనా దీపాలు ఉన్నాయి.

గెలిచిన బేరం

ఆ దుప్పటిని వాళ్లు కవంది అంటారు. ఇంట్లో అరిగిన బట్టలతో కుడతారు. కత్రీన శుక్రవారాలు మిద్దె గదిలో కూర్చుని కుట్టేది. మామాకు తెలుసు, ఆమె అడ్డు చెప్పలేదు. మూడేళ్ల క్రితం నాసర్ చిన్నప్పటి బట్టలతో కత్రీన ఒకటి కుట్టి ఇచ్చిందట కూడా.

తరవాతి శుక్రవారం నేను వెళ్లి అడిగాను.

"అమ్మేది కాదన్నా. నా మనవరాలిది."

"పుట్టిందా?"

"వచ్చే నెల."

"ఆడపిల్లని ఎట్లా తెలుసు?"

"మగపిల్లాడైతే వాడికి చలి వెయ్యదా? మా కొండల మీద జూన్ వస్తే ఇంట్లో ఉప్పు కూడా కరిగి నీళ్లవుతుంది. నాగమ్మ సెలవు మీద ఊరికి పోతోంది, తనతో పంపిస్తా. నా అల్లుడు బెంగళూరుకొచ్చి తీసుకుంటాడు."

ఇక్కడ మంచివాడైతే లేచి వచ్చేస్తాడు. నేను పరదాల మిషతో వంటింటి వైపు పోయి నాగమ్మను కదిపాను. కత్రీన కూతురికి బిడ్డ అడ్డం తిరిగి ఉందని, హుబ్బళ్లి ఆసుపత్రిలో ఆపరేషన్ అంటున్నారని నాగమ్మ నోరు జారింది. అందుకు తనను తాను ఇప్పటికీ తిట్టుకుంటుంది. నన్నూ తిడుతుంది, ఎక్కువగా.

మళ్లీ మిద్దె ఎక్కాను. నాన్న నేర్పినట్టు పెదవి విరవలేదు. ఈసారి తప్పు గుడ్డలో కాదు, మనిషి అవసరంలో ఉంది కదా.

"ఆసుపత్రి వాళ్లు దుప్పటి తీసుకుని ఆపరేషన్ చెయ్యరు కదమ్మా" అన్నాను. "ఇంకోటి కుట్టుకోవచ్చు. ఇది నాకివ్వు."

కత్రీన సూదిని గుడ్డలో గుచ్చింది, నేను చవక ధర చెప్పి దినార్లు చాప మీద పెట్టాను. దుప్పటిని నా చేతిలో పెట్టలేదు. నా ఒళ్లో పరిచి, అటు తిరిగి కూర్చుంది.

నేను మెట్లు దిగుతూ ఈల వేశాను. బోర్లా పడ్డవన్నీ రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను.

ఫోను

దుకాణంలో అబూ యూసుఫ్ దుప్పటిని చూసి "ఎక్కడిది?" అన్నాడు. "ఆఫ్రికా" అన్నాను. యల్లాపురం అంటే ఎవడు కొంటాడు? "ఆఫ్రికా హస్తకళ" అని లేబుల్ నేనే అచ్చు వేయించాను. ధర కూడా నేనే రాశాను, కొన్నదానికి ఎన్నో రెట్లు. ఒక ఇంటీరియర్ డిజైనర్ చూసి కావాలంది, కానీ గోడకు బిగించాలి, మూలల పువ్వులు వద్దు, అంచులు తిన్నగా ఉండాలి అంది. మా దర్జీతో నాలుగు పువ్వులూ కత్తిరించమన్నాను. కత్తిరించి చెత్తబుట్టలో వేశాడు. తరవాత ఇస్త్రీ చేస్తుంటే నడిమధ్య ముక్క కింద ఏవో గట్టిగా తగిలాయి. పురుగులేమోనని కుట్టు విప్పాడు.

బియ్యపు గింజలు. తొమ్మిది.

దర్జీ రెండడుగులు వెనక్కి వేశాడు. నేను మూడు వేశాను.

ప్రతి శనివారం గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టే కొట్లో పెరిగినవాణ్ణి. మా తూకం రాళ్లకు కుంకుమబొట్లుండేవి. అయినా దుప్పటిలో బియ్యం కనపడగానే నాకు తట్టింది ఆచారం కాదు, చేతబడి. ఇదే నాగమ్మ కుట్టి ఉంటే? "ఏం నాగమ్మా, అన్నం తింటా కుట్టినావా?" అని నవ్వి ఊరుకునేవాణ్ణి. కత్రీన రంగు నల్లన కాబట్టి, జుట్టు ఉంగరాలు కాబట్టి నా బుర్ర తిన్నగా శ్మశానానికి పోయింది. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. మీకు తక్కువ కాలం పట్టాలని రాస్తున్నాను.

వెంటనే ఏం చేశాను? దుకాణం మీద మాట రాకూడదని, ఎవరూ అడగకముందే మామాకు ఫోన్ చేశాను. "మీ ఇంటి నుంచి వచ్చిన దుప్పటిలో ఏదో పెట్టి కుట్టారు. సిహ్ర్ కావచ్చు, మీరు జాగ్రత్త" అన్నాను. సిహ్ర్ అంటే మంత్రతంత్రం. పనిమనిషి మీద ఆ మాట పడితే ఆ ఇంట్లో ఆమె బతుకు ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే అన్నాను. సరుకులో లోపం ఉంటే పంపినవాడి మీదకు తోసెయ్యడం అలవాటైపోయిన నాలుక.

గంటలో నాగమ్మ ఫోన్.

"ఏం జేస్తివి కొట్టోడా? మామా టికెట్టు జూస్తాంది. ఖలాస్ అంట. ఆయమ్మ బ్యాగు సర్దుకుంటాండాది. ఆడ బిడ్డకు ఆపరేషన్, ఈడ జీతం ఆగిపాయె. నీకేమన్నా బుద్ధుండాదా? బియ్యం జూసి బయపడే మొగోడివి, మూడు పూటలా ఎట్ల తింటాండావు?"

నేను అబూ యూసుఫ్ దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన చాయ్ పక్కన పెట్టాడు.

"బియ్యం నా దుకాణంలో దొరికింది. నాకు చెప్పాలి. ఆమెకెందుకు చెప్పావు?"

"వాళ్లింటి సరుకు కదా అని..."

"కాదు. నీకు భయం వేసింది. దాన్ని ఎవరి నెత్తిన దించాలా అని చూశావు. అందరికంటే కింద ఉన్నది ఆ కుట్టినావిడ. అంతే కదా సుబ్బూ?"

అంతే. దుప్పటి నాకు కావాలని అడిగాను. ఇచ్చాడు, లేబుల్ మీదున్న ధరకే. ఒక్క ఫిల్స్ తగ్గించలేదు. "ఆ ధర రాసింది నువ్వే, దీనికి తగినదని నాతో అన్నదీ నువ్వే" అన్నాడు. నా జీవితంలో బేరమాడకుండా కొన్న మొదటి వస్తువు అది.

బాస్మతీ

మర్నాడు పొద్దున రుమైథియా వెళ్లాను. హాల్లో ఉమ్మ్ నాసర్ కూర్చుని ఉంది. కత్రీన గోడ పక్కన నిలబడి ఉంది, కాళ్ల దగ్గర బ్యాగు. నాగమ్మ వంటింటి గుమ్మంలో, చేతిలో గరిటెతో. ఆ గరిటె కూర కోసం కాదని నాకు అర్థమైంది.

మామా దుప్పటి తీసుకుని మధ్యలో చిరిగిన చోట వేలు పెట్టి చూసింది.

"బియ్యం ఎందుకు పెట్టావు?"

"ఆకలితో ఉన్న దుప్పటి ఎవరికీ వేడి ఇవ్వదు మామా" అంది కత్రీన. "మూసేముందు దాని కడుపు నింపుతాం. మా అమ్మ నింపేది, ఆమె అమ్మ నింపేది. మా కొండ మీద కడుపు నిండని మనుషులుంటారు గానీ కడుపు నిండని దుప్పటి ఉండదు."

మామా ఆ చిరుగులోంచి వేలు తీసింది. తరవాత మెల్లగా అడిగింది.

"నాసర్ దుప్పటిలో?"

నాగమ్మ గుమ్మంలోంచి కళ్లతో, గరిటెతో, మొత్తం ఒంటితో వద్దు వద్దని సైగ చేస్తోంది. లేదు అని ఒక్క మాట అంటే చాలు. ఆ దుప్పటి విప్పి చూసేవాళ్లెవరూ లేరు. నేనైతే లేదనే అనేవాణ్ణి. అనడమే కాదు, ఒట్టు కూడా పెట్టేవాణ్ణి.

"ఉంది" అంది కత్రీన.

"ఎన్ని?"

"తొమ్మిదే. మీ డబ్బాలోవి. అడగకుండా తీశాను. అది మాత్రం తప్పు."

మామా లేచి పైకి వెళ్లింది. మెట్ల మీద ఆమె చెప్పులు టపటపలాడాయి. నాగమ్మ గరిటె గుమ్మానికి ఆనించి కళ్లు మూసుకుంది. కత్రీన వంగి బ్యాగు పట్టీ చేతికి చుట్టుకుంది.

మామా తన కొడుకు దుప్పటి తెచ్చి ఒళ్లో వేసుకుని, నడిమధ్య బొటనవేలితో నొక్కి నొక్కి చూసింది. దొరికాయి.

"బాస్మతీయా?"

"బాస్మతీ."

"మూడేళ్ల నుంచి వాడు ఇది లేకుండా పడుకోడు. బక్కగా ఉండేవాడు. ఇప్పుడు ప్యాంటు బొత్తాం పట్టడం లేదు." ఆమె పెదవి ఒక పక్కకు వంగింది. "డాక్టరేమో బర్గర్లు అంటున్నాడు."

నాగమ్మ ఫక్కుమంది. మామా నవ్వలేదు, నా వైపు తిరిగింది. ఆమె నోరు విప్పేసరికి నాకు గొడుగుల రోజు కూడా తియ్యగా అనిపించింది.

"కొనేటప్పుడు లోపల ఏముందని ఈమెను అడిగావా?"

"లేదు మామా."

"ధర అడిగావు."

"అడిగాను."

"కత్రీనా, నాకు ఫోన్ చేసింది ఇతనే. నేను నిన్ను అడగకుండా టికెట్టు చూశాను. ఆ తప్పు నాది. ఇతని తప్పు ఇతని దగ్గరే ఉంచుకో. బ్యాగు లోపల పెట్టు."

కత్రీన నన్ను చూసింది. "నువ్వా అన్నా?" అంది. తిట్టినా బాగుండేది, ఆ అన్నా లేకుండా.

నాలుగు మూలలు

దుప్పటి తిరిగి కత్రీన ఒళ్లోకి వెళ్లాక లేబుల్ కనపడింది. నాగమ్మ కూడబలుక్కుని చదివి వినిపించింది.

"ఆఫ్రికా ఎట్లా ఉంటుందన్నా?" అని కత్రీన నన్ను అడిగింది. "నేను చూడలేదు. నువ్వు చూశావు కాబోలు, అచ్చు కూడా వేయించావు."

వక్కల మండీ సంగతి అప్పుడు చెప్పాను. సిరిసి, బస్తాలు, పెదనాన్న మాట. ఆవిడ కుట్టు ఆపకుండా వింది. "మా నాయన కూడా ఆ మండీకి బస్తాలు మోశాడు" అంది. "నువ్వు లెక్కపెట్టిన వాటిలో ఆయనవి ఎన్నో ఉండి ఉంటాయి. సరిగ్గానే లెక్కపెట్టావు కదా?"

నడిమధ్య కొత్తగా తొమ్మిది గింజలు పెట్టి మూసింది. ఈసారి మామానే డబ్బా తెచ్చి ఇచ్చింది. ఇక మూలలు. పువ్వులు లేని దుప్పటి కాళ్లూచేతులూ లేని మొండి మనిషి లాంటిదట, బిడ్డ మీద కప్పరట. నాగమ్మ ప్రయాణం అయిదు రోజుల్లో ఉంది. నాగమ్మ తన నైటీ చింపి ఇచ్చింది. మామా పాత పచ్చ గౌను ఇచ్చింది. కత్రీన తన చీర కొంగు కోసింది. నాలుగోది నేనిస్తానన్నాను.

దుకాణం నుంచి మంచి పట్టు ముక్క తెచ్చాను. కత్రీన తాకను కూడా తాకలేదు. "ఎవరూ తొడగని గుడ్డ. దీనికి మనిషే తెలియదు." మర్నాడు నా చొక్కా తీసుకెళ్లాను. కాలరు వెలుతురుకు ఎత్తి చూసి, నలిపి చూసి, "దీన్ని వేసుకున్నావా, దాచుకున్నావా?" అంది. నా జన్మలో అంత చక్కగా సరుకు తిప్పికొట్టిన మనిషిని చూడలేదు. మూడో రోజు సిగ్గు విడిచి ఇంట్లో కట్టుకునే నీలం గళ్ల లుంగీ పట్టుకెళ్లాను. పదేళ్లు అరిగింది. కత్రీన దాన్ని చెంపకు ఆనించుకుని చూసింది.

"ఇది పనికొస్తుంది."

"ఓయమ్మా!" అంది నాగమ్మ. "పసిబిడ్డ నెత్తిన సుబ్బన్న లుంగీనా? ఆ బిడ్డ పుట్టంగానే బేరమాడతాది గదక్కా!"

"ఆడనీ. మా వాళ్లలో ఒక్కరైనా నేర్చుకోవాలి కదా" అంది కత్రీన, లుంగీని సబ్బునీళ్లలో ముంచుతూ.

నాలుగు పువ్వులతో దుప్పటి నాగమ్మ పెట్టెలో వెళ్లింది. నాగమ్మ బెంగళూరులో దిగిన రోజు వానట. అల్లుడు ప్లాస్టిక్ కవరులో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని కొండెక్కాడట. ఆపరేషన్ బాగా జరిగింది. ఆడపిల్లే.

ఈ పనిలో చేరినవాళ్లు నన్ను రహస్యం అడుగుతారు. కొనేముందు వస్తువును తిప్పి చూడండి, తప్పులేదు. తరవాత దాన్ని చేసిన మనిషిని పేరు అడగండి, ఊరు అడగండి, లోపల ఏముందని అడగండి. జవాబు విన్నాక ధర తగ్గించమనడానికి నోరు వస్తే, మీరు నాకంటే గొప్ప పర్చేజరు అవుతారు. నేను మీ పెళ్లికి రాను.

నాలుగు నెలల తరవాత ఒక శుక్రవారం నాగమ్మ ఫోన్ చేసి రమ్మంది. మిద్దె గదికి వెళ్లేసరికి కత్రీన ఫోనులో కూతురు పంపిన మాట వింటోంది. నాకోసం మళ్లీ మొదటి నుంచి పెట్టింది. వెనకాల వాన చప్పుడు, పిల్ల ఏడుపు.

"అమ్మా, మధ్యలోది అమ్మమ్మ చీర, తెలుసు. చారలది నాన్న చొక్కా. పువ్వుల నైటీ నాగమ్మక్కది, ఆమే చెప్పింది. పచ్చది మీ మామాది. నీ కొంగు నాకు తెలియదా? ఈ నీలం గళ్లది ఎవరిది? రేపు దీనికి మాటలొస్తే వేలు పెట్టి అడుగుతుంది. ఎవరని చెప్పాలి?"

కత్రీన ఫోను నా ముందు పెట్టింది. "చెప్పు. నీదే కదా."

ఆరు భాషల్లో ధర అడిగిన నోరు. ఫోనును నోటికి దగ్గరగా తెచ్చుకున్నాను. నా సిరిసి కన్నడంలో, "సుబ్బరాయుడు. ప్రొద్దుటూరు, కడప జిల్లా. బట్టల కొట్టు వాళ్లం" అన్నాను.

కాసేపటికి జవాబొచ్చింది.

"సరే, చెబుతాను. ఆ మూల గుడ్డ పల్చగా ఉంది. ఇది పొద్దస్తమానం అదే నోట్లో పెట్టుకుంటోంది. చిరిగితే ఇంకో ముక్క పంపమను."

ఇన్నాళ్లూ దాచిన మిగతా లుంగీ ముక్క ఇప్పుడు ఉతికి, మడిచి, ఊరికి పట్టుకెళ్లే పెట్టెలో అన్నిటికీ పైన పెట్టాను.